"ముందు బరువు తగ్గి రండి" అనే మాటకు అర్థం కూడా చెప్పాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక ఆరోగ్యం పేజీలో పాఠకుల ప్రశ్నలకు వైద్యులు ఇచ్చే జవాబులను నేను క్రమం తప్పకుండా చదువుతాను. పొట్టను చదును చేసే సౌందర్య శస్త్రచికిత్స గురించి ఎవరైనా అడిగినప్పుడు జవాబు చాలాసార్లు ఒక్క వాక్యంతో ముగిసిపోతోంది: "మీ బరువు ఎక్కువగా ఉంది, ముందు బరువు తగ్గి, తర్వాత ప్లాస్టిక్ సర్జన్‌ను కలవండి." ఆ సలహాలో తప్పేమీ లేదు. అయితే ఎందుకు తగ్గాలో, ఎంత తగ్గాలో, తగ్గాక ఎన్నాళ్లు ఆగాలో చెప్పకుండా ఆ ఒక్క మాటతో పంపేస్తే, విన్న మనిషి దాన్ని తన ఒంటి మీద ఇచ్చిన తీర్పుగా తీసుకుంటారు. నేను ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో 22 ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. పరీక్ష గదిలో డాక్టరు పక్కన నిలబడి ఆ మాట విన్నవారి ముఖాలు చూశాను. ఆ మాట ముందుగా ఎవరూ చెప్పనందువల్ల తెరుచుకున్న గాయాలకు నెలల తరబడి కట్లు కూడా మార్చాను. రెండూ చూసినదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదే అయినా, వీలైతే పూర్తిగా ప్రచురించమని కోరుతున్నాను.

ముందుగా ఈ శస్త్రచికిత్సలో ఏం జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే బరువు గురించిన చిక్కంతా అక్కడే మొదలవుతుంది. వైద్యులు అబ్డామినోప్లాస్టీ అనీ, జనం టమ్మీ టక్ అనీ పిలిచే ఈ ఆపరేషన్‌లో పొత్తికడుపు అడుగున, ఒక తుంటి ఎముక దగ్గరి నుంచి రెండో తుంటి ఎముక దాకా అడ్డంగా కోత పెడతారు. అక్కడి నుంచి చర్మాన్నీ, దానికి అంటుకుని ఉన్న కొవ్వునూ కండరాల మీది నుంచి విడదీసి పక్కటెముకల వరకూ పైకి ఎత్తుతారు. గర్భధారణ వల్లో, బరువు బాగా పెరిగి తగ్గడం వల్లో నడిమధ్యన ఎడమైపోయిన రెండు నిలువు కండరాలను దగ్గరకు లాగి కుడతారు. పైకెత్తిన చర్మాన్ని కిందికి లాగి, మిగులుగా ఉన్నదాన్ని కోసి తీసేసి, బొడ్డు బయటికి రావడానికి కొత్తచోట రంధ్రం చేసి, కుట్లు వేస్తారు. పూర్తి మత్తులో మామూలుగా 2 నుంచి 4 గంటలు పట్టే పెద్ద ఆపరేషన్ ఇది.

ఇంత చేసినా శరీరం నుంచి బయటికి వచ్చేది వదులు చర్మం, దాని కింద ఉన్న కొవ్వు మాత్రమే. సాధారణంగా అది కొద్ది కిలోలకు మించదు. పైగా మొదటి వారాల్లో వాపు వల్ల కాటా మీద అంకె తగ్గకపోగా, కొందరికి కాస్త పెరుగుతుంది కూడా. అది చూసి కంగారుపడి ఫోన్ చేసేవారు ఇప్పటికీ ఉన్నారు. కాబట్టి దీన్ని బరువు తగ్గించే ఆపరేషన్ అని రాయడం, అలా ప్రకటించడం పొరపాటు. బరువు తగ్గినా పోని వదులు చర్మాన్ని, కాన్పుల తర్వాత సడలిపోయిన పొట్ట గోడను సరిచేయడానికి పుట్టిన ఆపరేషన్ ఇది.

పొట్టలో కొవ్వు రెండు అరల్లో ఉంటుంది. ఒకటి చర్మం కింద, రెండు వేళ్లతో పట్టుకుంటే చేతికి వచ్చే మెత్తటి కొవ్వు. రెండోది కండరాల గోడకు లోపల, పేగుల చుట్టూ, వాటిని కప్పి ఉంచే పొర నిండా పేరుకునే కొవ్వు. సర్జన్ కత్తి మొదటిదాన్ని మాత్రమే చేరగలదు. రెండోదాన్ని ఏ సౌందర్య శస్త్రచికిత్సా తీయలేదు. కొవ్వును పీల్చే లైపోసక్షన్ గొట్టం కండరాల గోడ దాటి లోపలికి వెళ్లదు, వెళ్లకూడదు కూడా. లోపలి కొవ్వు కరగాలంటే ఆహార నియమం, వ్యాయామం, డాక్టరు రాసిచ్చిన మందులు, మరీ ఎక్కువ బరువున్నవారికి జీర్ణాశయాన్ని చిన్నది చేసి బరువు తగ్గించే బేరియాట్రిక్ శస్త్రచికిత్స, ఇవే దారులు.

ఈ తేడాను కనిపెట్టడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. మా డాక్టరు ముందు మనిషిని నిలబెట్టి చూస్తారు, తర్వాత బల్ల మీద వెల్లకిలా పడుకోమంటారు. పడుకోగానే పొట్ట పక్కలకు జారి పక్కటెముకల మట్టానికో, అంతకంటే కిందికో దిగిపోతే, నిలబడినప్పుడు ముందుకు వచ్చిన పొట్టంతా చాలావరకు చర్మం, పైకొవ్వు, సడలిన కండరమేనని అర్థం. అలా కాక పడుకున్నా పొట్ట బోర్లించిన కుండలా పైకే నిలబడి ఉండి, పట్టుకోబోతే వేళ్ల మధ్యకు సన్నటి మడత మాత్రమే వస్తుంటే, కొవ్వంతా లోపలి అరలో ఉన్నట్టు. ఆ తర్వాత "తల కాస్త పైకెత్తమ్మా" అని చెప్పి, బొడ్డుకు పైనా కిందా వేళ్లు ఆనించి కండరాల నడుమ ఎడం ఎంత ఉందో చూస్తారు. అది దాదాపు 2 సెంటీమీటర్లకు మించితే కండరాలు విడిపోయాయనే లెక్క. ఈ పరీక్ష మొత్తానికి ఐదు నిమిషాలు పట్టదు. ఫోన్‌లో ఎత్తూ బరువూ అడిగి, ఒక ఫొటో తెప్పించుకుని ఆపరేషన్ తేదీ ఇచ్చేసే చోట్ల కరువైనది ఈ ఐదు నిమిషాలే.

లోపలి అర నిండుగా ఉన్న మనిషికి ఈ ఆపరేషన్ చేస్తే ఏమవుతుంది? నిండా కుక్కిన బస్తా మూతిని బలవంతంగా దగ్గరకు లాగి కుట్టబోతే ఏమవుతుందో అదే అవుతుంది. కండరాలను దగ్గరకు లాగేకొద్దీ కడుపు లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి పైకి తన్ని, ఊపిరితిత్తుల అడుగున ఉండే కండరపు పొరను నెట్టేస్తుంది, దాంతో ఊపిరి నిండుగా అందదు. అదే ఒత్తిడి వెనక్కి నొక్కి, కాళ్ల నుంచి గుండెకు రక్తం తీసుకెళ్లే పెద్ద సిరను అదుముతుంది, దాంతో కాళ్లలో రక్తప్రవాహం మందగించి గడ్డలు కట్టే అవకాశం పెరుగుతుంది. కాలి సిరలో కట్టిన గడ్డ కదిలి ఊపిరితిత్తికి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. సౌందర్య శస్త్రచికిత్సలన్నింటిలో ఈ గడ్డల భయం ఎక్కువగా ఉండేవాటిలో పొట్ట ఆపరేషన్ ఒకటి. బరువు ఆ భయాన్ని పెంచుతుంది. దీనితో పాటే మరో ఆపరేషన్ కూడా కలిపి చేయించుకుంటే అది ఇంకా పెరుగుతుంది. ఆపరేషన్‌కు ముందు గడ్డల ముప్పును లెక్కగట్టడానికి వైద్యులు వాడే కాప్రిని పట్టికలో, ఎత్తుకు తగ్గట్టు బరువు ఉందో లేదో చూపే బీఎంఐ అనే అంకె 25 దాటడం కూడా పాయింట్లు కలిపే అంశాల్లో ఒకటి. ఇన్ని ప్రమాదాలు దాటి బయటపడినా, లోపలి నుంచి తోసే కొవ్వుకు తట్టుకోలేక కండరపు కుట్లు సడలితే పొట్ట మళ్లీ ముందుకే వస్తుంది. అప్పుడు ఆ మనిషికి మిగిలేది ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా మచ్చ ఒక్కటే.

మత్తు ఇవ్వడం కూడా బరువు ఎక్కువున్నవారి విషయంలో తేలిక కాదు. వెల్లకిలా పడుకోబెట్టి మత్తు ఇచ్చాక వారి ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నిల్వ ఇతరుల కంటే తొందరగా అయిపోతుంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఉండి కూడా ఆ సంగతి తెలియనివారు వీరిలో చాలామంది. "రాత్రిళ్లు గురక పెడతారా? మధ్యలో ఊపిరి ఆగినట్టు ఇంట్లో ఎవరైనా చెప్పారా?" అని మత్తు డాక్టరు అడిగినప్పుడు సిగ్గుపడి లేదనేవారిని ఎందరినో చూశాను. దయచేసి ఆ ప్రశ్నకు ఉన్నమాట చెప్పండి.

కుట్ల సంగతి నాకు అన్నిటికంటే దగ్గరగా తెలిసినది, అందుకని వివరంగా రాస్తున్నాను. చర్మాన్ని కండరం మీది నుంచి విడదీసినప్పుడు, కండరంలోంచి పైకి వచ్చి ఆ చర్మానికి రక్తం అందించే చిన్న చిన్న నాళాలను తెంపక తప్పదు. అక్కడి నుంచి పొట్ట మీది చర్మమంతా రెండు పక్కల నుంచి, పక్కటెముకల వైపు నుంచి వచ్చే రక్తం మీదే బతకాలి. ఆ రక్తానికి బాగా దూరంగా ఉండేదీ, బాగా బిగువుగా లాగి కుట్టేదీ ఒకటే చోటు: బొడ్డుకు కింద, కుట్ల గీతకు సరిగ్గా నడుమ. కొవ్వుకు స్వతహాగానే రక్తప్రసరణ తక్కువ. కొవ్వు పొర దళసరిగా ఉన్నకొద్దీ, తగ్గిపోయిన ఆ రక్తమే అంత మందాన్నీ పోషించాల్సి వస్తుంది. పొగతాగే అలవాటుంటే నికోటిన్ మిగిలిన నాళాలను కూడా ముడుచుకునేలా చేస్తుంది. అందుకే ఆపరేషన్‌కు కనీసం 4 వారాల ముందు నుంచి, ఆ తర్వాత మరో 4 వారాల దాకా పొగాకు ఏ రూపంలోనూ ముట్టవద్దంటారు. మధుమేహం అదుపులో లేకపోతే గాయం మానడం ఇంకా ఆలస్యమవుతుంది.

ఒకామె వేరేచోట ఈ ఆపరేషన్ చేయించుకుని, తొమ్మిదో రోజున మా దగ్గరికి వచ్చారు. అప్పటికి ఆమె బీఎంఐ 37. కట్టు విప్పిన ఆ ఉదయం నాకు ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. పైనున్న కట్టుగుడ్డ తడిసి పసుపు రంగుకు తిరిగింది. కుట్ల గీత నడుమ అరచేయి మేర చర్మం అంచుల్లో ఊదా రంగుకు మారి, మధ్యలో నల్లబడి, తోలులా గట్టిపడింది. సెలైన్‌తో తడుపుతుంటే కింది కొవ్వులోంచి నూనెలాంటి ద్రవం జారింది. నేను తాకుతున్నా ఆమెకు నొప్పి తెలియలేదు, ఎందుకంటే అక్కడి చర్మం అప్పటికే చనిపోయింది. నల్లబడిన భాగాన్ని డాక్టరు తీసేశాక ఏర్పడిన గుంటలోకి నా చూపుడు వేలు రెండో కణుపు దాకా దిగింది. ఆ గుంట అడుగు నుంచి పూడుకుంటూ వచ్చి పైన చర్మం మూతపడేసరికి 11 వారాలు గడిచాయి. రోజు విడిచి రోజు వచ్చి కట్టు మార్పించుకునేవారు. వచ్చిన ప్రతిసారీ ఆమె నోట వచ్చిన మాట ఒక్కటే: "ఇలా కావచ్చని ముందే చెప్పి ఉంటే నేను ఆగేదాన్ని కదమ్మా."

ఇలా అందరికీ జరుగుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. బరువు తక్కువున్నవారికి జరగదనీ కాదు. చర్మం కింద నీరు చేరడం ఈ ఆపరేషన్ తర్వాత తరచుగా ఎదురయ్యే ఇబ్బంది, అది ఎవరికైనా రావచ్చు, సూదితో తీసేస్తే చాలావరకు సర్దుకుంటుంది. అయితే నీరు చేరడం, చీము పట్టడం, కుట్లు ఊడటం, చర్మం చచ్చుబడటం, ఈ నాలుగూ బరువు పెరిగేకొద్దీ పెరుగుతాయని ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు. తెలిసిన విషయం రోగికి చెప్పకపోవడమే నా బాధ.

ఇక అంకెల విషయానికి వస్తాను. బీఎంఐ అంటే కిలోల్లో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి బీఎంఐ 30 అంటే దాదాపు 77 కిలోలు, 35 అంటే దాదాపు 90 కిలోలు. చాలామంది సర్జన్లు బీఎంఐ 30 లోపు ఉన్నవారికి ఈ ఆపరేషన్ చేయడానికి మొగ్గు చూపుతారు. 30కీ 35కీ మధ్య ఉన్నవారి విషయంలో ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించి, మిగతా జబ్బులు చూసి నిర్ణయిస్తారు. 35 దాటినవారిని చాలావరకు ఆగమంటారు. 40 దాటినవారికి కేవలం అందం కోసం ఈ ఆపరేషన్ చేయడం ఎంతమాత్రం మంచిది కాదు. ఇవి చట్టం గీసిన గీతలు కావు, సర్జన్‌కూ సర్జన్‌కూ మధ్య కొద్దిగా మారుతుంటాయి. అందుకే ఒకచోట కాదన్నవారిని మరోచోట ఔనంటే, రెండో డాక్టరే మంచివాడని తీర్మానించుకోకుండా, కాదన్నవారి కారణాన్ని ఔనన్నవారి ముందు పెట్టి దానికేం చెబుతారో అడగాలి.

అంకెకూ ఒక పరిమితి ఉంది. ఈ లెక్కను 19వ శతాబ్దంలో బెల్జియం గణితవేత్త అడాల్ఫ్ కెట్లే జనసమూహాల్లో సగటు మనిషిని అంచనా వేసే పనిలో భాగంగా రూపొందించారు. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అనే పేరు 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం రాసిన పరిశోధన పత్రంతో వచ్చింది. సమూహాల కోసం పుట్టిన కొలత ఒక్క మనిషి పొట్టలో కొవ్వు ఏ అరలో ఉందో చెప్పలేదు. బీఎంఐ 25 దాటితే అధిక బరువనీ, 30 దాటితే స్థూలకాయమనీ అంతటా చెప్పుకునే హద్దులకు తోడు, ఆసియా ప్రజల్లో అంతకంటే తక్కువ అంకెల దగ్గరే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు మొదలవుతోందని గమనించి, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2004లో 23, 27.5 అనే అదనపు హద్దులను సూచించింది. కాబట్టి 28 దగ్గరున్నవారు "నేను 30 లోపే ఉన్నాను కదా" అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఒకే నెలలో మా దగ్గరికి వచ్చిన ఇద్దరి గురించి చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒకాయన బీఎంఐ 29. చేతులూ కాళ్లూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకు వచ్చింది. బల్ల మీద పడుకున్నా అది ఒక్క అంగుళం దిగలేదు. అంకె ప్రకారం ఆయనకు ఆపరేషన్ చేయవచ్చు. మా డాక్టరు మాత్రం వద్దని, ముందు రక్తంలో చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోమని పంపారు. మరొకామె బీఎంఐ 31. మూడేళ్ల క్రితం 112 కిలోలున్న మనిషి 79 కిలోలకు వచ్చి, ఏడాదికి పైగా అక్కడే నిలకడగా ఉన్నారు. పడుకోగానే ఆమె పొట్ట ఖాళీ సంచిలా పక్కకు వాలిపోయింది. అంకె ప్రకారం ఆమె గీత దాటి ఉన్నారు, అయినా ఆమెకే ఆపరేషన్ చేశారు. కుట్లు చక్కగా మానాయి.

ఆ "నిలకడగా" అన్న మాటను ఎవరూ పట్టించుకోరు గానీ, నా అనుభవంలో బరువెంత అన్న ప్రశ్నకు ఎంత విలువుందో, ఎన్నాళ్లుగా అంతే ఉందన్న ప్రశ్నకూ అంతే విలువుంది. బరువు కనీసం 6 నెలలపాటు పెద్దగా పెరగకుండా, తరగకుండా ఉండాలని సర్జన్లు అడగడం వెనక గట్టి కారణమే ఉంది. ఆపరేషన్ అయ్యాక ఇంకో పది, పదిహేను కిలోలు తగ్గితే బిగించిన చర్మం మళ్లీ వదులవుతుంది. పెరిగితే చర్మం సాగుతుంది, లోపల కొవ్వు పేరుకుని పొట్ట గోడను తోస్తుంది. బేరియాట్రిక్ శస్త్రచికిత్స చేయించుకున్నవారిని సాధారణంగా 12 నుంచి 18 నెలలు ఆగమనేది కూడా ఇందుకే. ఆ లోపు బరువు ఇంకా దిగుతూనే ఉంటుంది. వారి విషయంలో మరో జాగ్రత్త ఉంది. ఆహారం తక్కువ తీసుకోవడం వల్ల, సరిగ్గా ఒంటబట్టకపోవడం వల్ల ప్రొటీన్, ఇనుము, బి12 విటమిన్ లోపించి ఉండవచ్చు. ఆ లోటు తీర్చకుండా కత్తి పెడితే గాయం మానడానికి శరీరం దగ్గర సరుకు ఉండదు.

అందుకే ఆపరేషన్ తేదీ పెట్టుకుని, దానికోసం నెల రోజులు పస్తులుండి గబగబా కిలోలు దించేవారిని చూస్తే నాకు గుబులు పుడుతుంది. కాటా మీద అంకె దిగినందుకు వారు సంతోషిస్తారు. కానీ అలా దిగిన బరువులో కండ కూడా ఉంటుంది. కుట్లు అతికించే ప్రొటీన్ నిల్వ అంతకుముందు కంటే అడుగంటి ఉంటుంది. ఆపరేషన్ కాగానే ఆకలి తిరగబడి పోయిన బరువంతా వెనక్కి వస్తుంది. నిదానంగా తగ్గి, తగ్గిన చోట కొన్నాళ్లు నిలబడి వచ్చిన మనిషి గాయం మానే తీరే వేరు. కట్టు మార్చే మాకు అది చేతికి తెలుస్తుంది.

బరువు తగ్గడానికి వారానికోసారి వేసుకునే సెమాగ్లూటైడ్ వంటి ఇంజెక్షన్ల వాడకం ఈ మధ్య బాగా పెరిగింది. డాక్టరు పర్యవేక్షణలో వాడితే అవి చాలామందికి మేలు చేస్తున్నాయి, వాటిని తప్పుపట్టడం లేదు. అయితే ఈ మందులు జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకపోయినా కడుపులో ఆహారం మిగిలి ఉండి, మత్తులో అది పైకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. అమెరికా మత్తు వైద్యుల సంఘం 2023లో, వారానికోసారి వేసుకునే డోసును ఆపరేషన్‌కు వారం ముందు ఆపాలని సూచించింది. 2024లో కొన్ని వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన సూచనలు, ఒక్కో రోగి పరిస్థితిని బట్టి నిర్ణయించుకోమన్నాయి. ఏది పాటించాలన్నా ఆ ఇంజెక్షన్ వాడుతున్న సంగతి మత్తు డాక్టరుకు ముందుగా తెలియాలి. "సొంతంగా బరువు తగ్గానని చెప్పుకుందామని" ఆ మందు సంగతి దాచినవారు మా దగ్గరికే వచ్చారు.

బరువు సరిగ్గా ఉన్నవారు కూడా ఇక్కడ కొందరున్నారు. రెండు, మూడు కాన్పుల తర్వాత ఒళ్లంతా సన్నగా ఉన్నా, కండరాలు విడిపోయి పొట్ట మాత్రం ఐదో నెలలా కనిపించే తల్లులకు "ఇంకొంచెం తగ్గు" అని చెప్పడం అన్యాయం. వారు ఎంత తగ్గినా ఆ ఎడం పూడదు. అలాగే ఇంకా పిల్లలు కావాలనుకునేవారు కాన్పులయ్యేదాకా ఆగడం మంచిది, ఎందుకంటే మళ్లీ గర్భం వస్తే కుట్టిన కండరాలు తిరిగి సాగిపోతాయి.

బరువు చాలా ఎక్కువగా ఉండి, పొట్ట తొడల మీదికి వేలాడి, ఆ మడతలో చర్మం నిత్యం ఒరుసుకుపోయి, పుండ్లు పడి, వాసన వచ్చి, నడవడానికే కష్టపడేవారి సంగతి వేరు. వారికి పానిక్యులెక్టమీ అనే మరో ఆపరేషన్ ఉంది. అందులో కండరాలను బిగించరు. వేలాడే భాగాన్ని కోసి తీసేస్తారు, అంతే. అది అందం కోసం చేసేది కాదు, బాధ తీర్చడానికి చేసేది. 1899లో అమెరికా వైద్యుడు హోవర్డ్ కెల్లీ వైద్యలోకానికి తెలియజేసిన పొట్ట ఆపరేషన్ కూడా ఇటువంటి వేలాడే కొవ్వును తొలగించినదే. దీనిలోనూ గాయం మానడంలో చిక్కులు ఎక్కువే, అయినా రోజువారీ బాధ అంతకంటే ఎక్కువైనప్పుడు ఆ ప్రమాదాన్ని తెలిసి తీసుకుంటారు. టమ్మీ టక్‌కు కాదన్నారు కదా అని తమ పుండ్లకు వైద్యమే లేదనుకుని వారు ఇంట్లో కూర్చోకూడదు.

లైపోసక్షన్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. "ఆపరేషన్ వద్దన్నారు, పోనీ కొవ్వు పీల్చేస్తే సరిపోదా?" అని అడుగుతుంటారు. వదులు చర్మం కింద కొవ్వు తీసేస్తే చర్మం ఇంకా వేలాడుతుంది. ఆరోగ్యం మెరుగుపడుతుందనే ఆశ అయినా నిలవదు. 2004లో అమెరికాలో శామ్యూల్ క్లీన్ బృందం 15 మంది స్థూలకాయ మహిళలకు పెద్ద మొత్తంలో పొట్ట కొవ్వు తీసి, 10 నుంచి 12 వారాల తర్వాత పరీక్షిస్తే, ఇన్సులిన్ పనితీరులో గానీ, రక్తపోటులో గానీ, కొలెస్ట్రాల్‌లో గానీ చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. తిండి తగ్గించి, కదలిక పెంచి తగ్గిన మనిషికి కలిగే మేలు, గొట్టంతో పీల్చి తగ్గించినప్పుడు కలగలేదన్నమాట.

ఇన్ని కారణాలున్న మాటను ఒక్క ముక్కలో చెప్పినప్పుడు ఏం జరుగుతుందో నేను చూశాను. కొన్నేళ్ల క్రితం 86 కిలోల బరువున్న ఒకామె కొండంత ఆశతో వచ్చారు. ఆ రోజు గదిలో రద్దీ ఎక్కువగా ఉంది. డాక్టరు కాగితం మీద బీఎంఐ చూసి, "పది, పన్నెండు కిలోలు తగ్గాక రండి" అన్నారు. ఆమె సరేనని తలూపి బయటికి వచ్చి, మెట్ల దగ్గర గోడకు ఆనుకుని ఏడ్చారు. నేను కట్టు సామాను తీసుకుని అటుగా వెళ్తూ చూసి ఆగాను. "ఇద్దరు పిల్లల్ని కన్న పొట్ట సిస్టర్, చూడగానే లావని పంపేశారు" అన్నారామె. ఖాళీగా ఉన్న గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టి, ఒక కాగితం మీద పొట్ట బొమ్మ గీసి, పై అర, లోపలి అర, తెగిపోయే నాళాలు, కుట్లు బిగిసే చోటు, అన్నీ చూపించాను. పావుగంట పట్టింది. ఆమె ఏడుపు ఆపి నాలుగు ప్రశ్నలు అడిగారు, అన్నీ మంచి ప్రశ్నలే. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఏడాదిన్నర తర్వాత తిరిగి వచ్చినప్పుడు బరువు 73 కిలోలు, ఏడు నెలలుగా అంతే. ఆ కాగితం మడతల దగ్గర చిరిగిపోయి ఇంకా సంచిలోనే ఉంది. ఆ సంగతి తెలిశాక మా డాక్టరు తానే అలాంటి బొమ్మ ఒకటి గీయించి పరీక్ష గదిలో గోడకు పెట్టించారు.

మీ ద్వారా వైద్యులకు నా విన్నపం, ఆ పావుగంట ఇవ్వమని. తీరిక లేకపోతే మాలాంటివారికి ఆ పని అప్పగించమని. ఎంత తగ్గాలో కిలోల్లో చెప్పండి, ఎన్నాళ్లు నిలబడాలో నెలల్లో చెప్పండి, తగ్గడానికి ఎవరి దగ్గరికి వెళ్లాలో రాసివ్వండి. పొట్ట ముందుకు రావడానికి బరువు కారణమా, కండరం కారణమా, చర్మం కారణమా అన్నది రోగి పొట్ట మీద చేయి పెట్టి చూశాకే చెప్పండి.

మీ పత్రికకు నా విన్నపాలు రెండు. అరచేతిలో వైకుంఠం చూపించే ప్రకటనల్లో "బరువు తగ్గించే టమ్మీ టక్" అనే మాట కనిపిస్తే, దాన్ని అచ్చు వేసే ముందు సవరించమని అడగండి. రెండోది, ఆరోగ్యం పేజీకి ఈ ఆపరేషన్ గురించి ప్రశ్న పంపే పాఠకులు తమ ఎత్తు, బరువు, ఆ బరువు ఎన్ని నెలలుగా అలాగే ఉందన్నది, కాన్పుల సంఖ్య, మధుమేహం, పొగాకు అలవాటు, వాడుతున్న మందులు కూడా రాయాలని ఆ పేజీ అడుగున రెండు వరుసల్లో వేయండి. అవి తెలిస్తే జవాబిచ్చే డాక్టరు గారికి ఒక్క వాక్యంతో సరిపెట్టాల్సిన అవసరం ఉండదు.

ఇట్లు,
ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో పనిచేసే ఒక నర్సు
(రోగుల గోప్యత దృష్ట్యా నా పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)